చదివిన కాలేజీకి వీలునామాలో చోటు: బరంపురం, పర్లాకిమిడి, జయపురం పూర్వ విద్యార్థులకు

పిల్లలకు ఇవ్వాల్సింది ఇచ్చాక చదువు చెప్పిన కాలేజీకి కూడా కాస్త రాసిపెట్టాలని దక్షిణ ఒడిశాలోని మన తెలుగువాళ్లలో డెబ్బై దాటిన చాలామందికి ఉంటుంది. ఆ కాగితం అమలయ్యే రోజున, ఇదేమిటని అడగడానికి మీరుండరు. అందుకే ఈ పనిలో సగం శ్రమ పేర్లూ మాటలూ సరిగ్గా రాయడంలోనే ఉంది.

ముందు పేరు సంగతి. పర్లాకిమిడి ఎస్‌కేసీజీ కాలేజీలోనో బరంపురం ఖల్లికోట కాలేజీలోనో అరవైల మొదట్లో డిగ్రీ చేసినవాళ్ల పట్టా ఉత్కళ విశ్వవిద్యాలయానిది. బరంపురం విశ్వవిద్యాలయం 1967లో గాని రాలేదు. ఖల్లికోట కాలేజీ, జయపురం విక్రమదేవ్ కాలేజీ ఈమధ్యే విశ్వవిద్యాలయాలయ్యాయి. 'నేను చదివిన కాలేజీకి' అని ఊరుకుంటే ఆ సొమ్ము ఎవరికి చేరాలో తేల్చడానికే ఏళ్లు పడుతుంది. చట్టం చేసి ఏర్పరచిన విశ్వవిద్యాలయం తన పేరునే ఆస్తి తీసుకోగలదు. ప్రభుత్వ కాలేజీ మామూలుగా ప్రభుత్వ శాఖలో భాగం కాబట్టి దానికి ఇచ్చేది ఏ ఖాతాలో, ఎవరి హోదాలో పడుతుందో అడిగి తెలుసుకోవాలి. ప్రిన్సిపాల్ సొంత పేరు మాత్రం ఎప్పుడూ రాయకండి. ఆయన రేపు బదిలీ అవుతారు, ఎల్లుండి రిటైరవుతారు.

రాసేముందు విశ్వవిద్యాలయ రిజిస్ట్రారుకు ఒక ఉత్తరం పెట్టి నాలుగు విషయాలు కాగితం మీద తెప్పించుకోండి: సంస్థ పూర్తి పేరు, పాన్ నంబరు, శాశ్వత నిధులు తీసుకునే నియమాలు, స్కాలర్‌షిప్‌కో పతకానికో వాళ్లు పెట్టుకున్న కనీస మొత్తం. ఆ జవాబు నకలును వీలునామాతోనే ఉంచండి.

ఇక ఎంత ఇవ్వాలన్నది. చాలా నిధులు చిక్కిపోయేది ఈ లెక్క వేయకపోవడం వల్లే. ఏటా ఒక విద్యార్థికి 20,000 రూపాయలు అందాలనుకుందాం. వడ్డీ 6.5 శాతం అయితే 3 లక్షల 8 వేలు చాలు కదా అనిపిస్తుంది. కానీ ధరలు ఏటా 6 శాతం పెరిగితే పన్నెండేళ్లకు ఆ 20,000 విలువ సగమవుతుంది, అసలు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అదే 5 లక్షలు పెడితే వడ్డీ 32,500 వస్తుంది. అందులో 20,000 విద్యార్థికి ఇచ్చి 12,500 మళ్లీ అసలులో కలిపితే నిధి ఏటా రెండున్నర శాతం చొప్పున పెరుగుతుంది. అది కూడా ధరలను పూర్తిగా అందుకోలేదు గాని, స్కాలర్‌షిప్ ఒక తరం పాటు పరువుగా నిలబడుతుంది. వడ్డీలో ఎంత ఖర్చు చేయాలో, ఎంత అసలులో కలపాలో వాటాలు మీరే రాయండి. రాయకపోతే వచ్చిన వడ్డీ వచ్చినట్టు ఖర్చయిపోతుంది.

బంగారు పతకం పెట్టాలనుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. బరువు గ్రాముల్లో రాస్తే బంగారం ధర పెరిగిన కొద్దీ వడ్డీ చాలదు, పతకం ఒక ఏడాది ఆగుతుంది, ఆ తర్వాత అలాగే ఆగిపోతుంది. 'ఆ ఏటి వడ్డీకి వచ్చినంత విలువైన పతకం' అనో, బంగారు పూత వేసిన వెండి పతకం అనో రాస్తే సరిపోతుంది.

జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఏటా లక్ష రూపాయలు ఇచ్చేవారు. సంస్థానాధీశుడికి అది చెల్లింది. మన బోటి పింఛనుదారులు ఏటా ఇస్తామని మాటివ్వడం కంటే వీలునామాలో ఒక వాటా రాయడమే మేలు. అదైనా స్థిరమైన మొత్తంగా రాయొద్దు. 'పది లక్షలు' అని రాసి, చివరి రోజుల్లో ఆస్పత్రికే ఎనిమిది లక్షలైతే ఇల్లాలికి మిగిలేదేమిటి? వంతుగా రాస్తే ఉన్నదాన్ని బట్టి ఇంటికీ కాలేజీకీ సర్దుబాటవుతుంది. ఆ పేరా ఇలా ఉండవచ్చు:

'నా అప్పులు, వైద్యం, కర్మకాండల ఖర్చులు తీరాక మిగిలిన ఆస్తిలో నూటికి పది వంతులు బరంపురం విశ్వవిద్యాలయానికి, దాని పేరు మారినా అది మరోదానిలో కలిసినా ఆ స్థానంలో వచ్చిన సంస్థకు, శాశ్వత నిధిగా ఇస్తున్నాను. అసలు ఖర్చు చేయరాదు. వడ్డీలో మూడింట రెండు వంతులు ఏటా తెలుగు చదివే ఒక విద్యార్థికి ఇచ్చి, తక్కినది అసలులో కలపాలి. అలాంటి విద్యార్థి లేని ఏడాది గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల పేద విద్యార్థి ఎవరికైనా ఇవ్వవచ్చు. ఆ చదువే ఎత్తేస్తే దీనికి దగ్గరగా ఉన్న మరో అవసరాన్ని విశ్వవిద్యాలయ పాలకమండలి అయిన సిండికేటు నిర్ణయించవచ్చు.'

చివరి రెండు వాక్యాలు ఎప్పుడూ వదలకండి. మన జిల్లాల్లో తెలుగు తీసుకునే విద్యార్థి ఒక్కరూ లేని సంవత్సరం రావచ్చు. ప్రత్యామ్నాయం రాసి లేకపోతే డబ్బు బ్యాంకులో ఊరికే పడి ఉంటుంది. షరతు మార్పించడానికి ఎవరో కోర్టుకు వెళ్లాలి, అందుకు ఎవరూ ముందుకు రారు.

వీలునామాకు స్టాంపు కాగితం అక్కర్లేదు. రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు గాని, చేయిస్తే తర్వాత తగాదాకు చోటు తగ్గుతుంది. మీ సంతకానికి ఇద్దరు సాక్షులు తప్పనిసరి. ఇద్దరూ మీకంటే చిన్నవాళ్లు, ఆ వీలునామాలో ఏ వాటా లేనివాళ్లు అయితే మేలు. రేపు కోర్టులో ఒకరైనా వచ్చి 'నా కళ్లెదుట సంతకం పెట్టారు' అని చెప్పాల్సి రావచ్చు కదా. ప్రతి పేజీకీ అంకె వేసి కింద సంతకం పెట్టండి. కొట్టివేత ఉంటే దాని పక్కన మీరూ సాక్షులూ సంతకం చేయాలి. వయసు ఎక్కువైతే మతి స్థిమితంగా ఉందని అదే తేదీతో డాక్టరు సర్టిఫికెట్ జతచేయండి. అమలు చేయడానికి ఎగ్జిక్యూటరుగా ఒకరినీ, వారు లేకపోతే మరొకరినీ పేర్కొనండి.

భాష దగ్గర మనవాళ్లు తరచూ ఇబ్బంది పడతారు. వీలునామా తెలుగులో రాయవచ్చు, చెల్లుతుంది. కానీ ఆ జిల్లాలో మామూలుగా వాడని భాషలో ఉండి సబ్ రిజిస్ట్రారుకు అర్థం కాకపోతే, ఒడియా అనువాదమూ ఒక నకలూ జతచేయనిదే రిజిస్టరు చేయరు. లేదంటే ఇంగ్లీషులోనో ఒడియాలోనో రాయించి, సంతకానికి ముందు తెలుగులో చదివించుకుని, అలా చదివి వినిపించారని చివర రాయించండి. పేరు సంగతీ చూసుకోవాలి. డిగ్రీ పట్టాలో ఇంటిపేరు ముందు, ఆధార్‌లో వెనక, భూమి హక్కుల పత్రమైన ఆర్‌ఓఆర్‌లో ఇంటిపేరే లేకుండా ఉండటం ఇక్కడ మామూలే. 'ఉరఫ్' అని అన్ని రూపాలూ రాసేయండి.

నామినీగా కాలేజీ పేరు పెడితే సరిపోతుందని కొందరు అనుకుంటారు. బ్యాంకు డిపాజిట్లకు నామినీ వ్యక్తే అయి ఉండాలి, సంస్థ పేరు తీసుకోరు. పీఎఫ్‌లో కుటుంబం ఉన్నవాళ్లు కుటుంబసభ్యులనే పెట్టాలి. బ్యాంకు నామినీ డబ్బు అందుకునే మనిషి మాత్రమే, హక్కుదారు ఎవరన్నది వీలునామా, వారసత్వం తేలుస్తాయి. జీవిత బీమా పాలసీని మాత్రం రాతపూర్వకంగా విశ్వవిద్యాలయానికి అసైన్ చేయవచ్చు, అంటే దాని పేరున బదలాయించవచ్చు. కంపెనీ దాన్ని నమోదు చేసుకున్నట్టు రసీదు తీసుకోండి.

భూమి ఇవ్వాలనుకుంటే రెండింతలు ఆలోచించండి. రాయగడ, కోరాపుట్, మల్కన్‌గిరి, నవరంగ్‌పూర్ పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు, గజపతిలో కొంత భాగం కూడా అంతే. అక్కడ గిరిజనుల భూమి గిరిజనేతరుల పేరునకు బదిలీ కావడాన్ని 1956 నాటి రెగ్యులేషన్ అడ్డుకుంటుంది. ఈ ప్రాంతాల వెలుపల కూడా ఎస్సీ, ఎస్టీ రైతుల భూమికి రెవెన్యూ అధికారి ముందస్తు అనుమతి కావాలి. పంచుకోని ఉమ్మడి ఆస్తిలో మీ వాటాను వీలునామా ద్వారా రాయవచ్చు గాని, బతికుండగా దానపత్రంతో ఇవ్వడం కుదరదు. దానపత్రమైతే రిజిస్ట్రేషన్ తప్పదు, మీరు ఉండగానే విశ్వవిద్యాలయం స్వీకరించాలి. భూమి ఆంధ్రలోని ఇచ్ఛాపురం వైపు ఉంటే ఆ దానపత్రం రిజిస్ట్రేషన్ కూడా అటే జరగాలి. దూరాన ఉన్న రెండెకరాలకు కాపలా పెట్టుకోవడం ఏ విశ్వవిద్యాలయానికైనా భారమే. అమ్మి డబ్బుగా ఇవ్వమని ఎగ్జిక్యూటరుకు అధికారం రాయడం నయం.

పన్ను రాయితీ కోసమైతే వీలునామా పనికిరాదు. 80జీ అని మనం పిలిచే రాయితీ బతికుండగా ఇచ్చిన డబ్బుకే, అదీ పాత పన్ను పద్ధతి ఎంచుకున్నవాళ్లకే. నగదు 2,000 దాటితే రాదు, భూమికీ షేర్లకీ రాదు. చెక్కుతో ఇచ్చేటప్పుడు 'కార్పస్ (శాశ్వత నిధి) కోసం' అని ఉత్తరంలో స్పష్టంగా రాయండి. లేకపోతే అది ఆ ఏటి ఖర్చుల్లో కలిసిపోవచ్చు. అమెరికా పౌరసత్వం తీసుకున్న పిల్లలు మీ నిధికి కలపాలనుకుంటే అది విదేశీ విరాళం కిందికి వస్తుంది, తీసుకునే సంస్థకు మామూలుగా విదేశీ విరాళాల చట్టం ఎఫ్‌సీఆర్‌ఏ అనుమతి ఉండాలి. భారత పాస్‌పోర్టే ఉన్న పిల్లలు తమ సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు.

ఇంట్లో వాళ్లకు ముందే చెప్పండి. నాన్న కాలేజీకి పది వంతులు రాశారని తద్దినాల వేళ తొలిసారి విన్న కొడుకు సంతకం నాన్నది కాదంటాడు. బతికుండగా భోజనాల దగ్గర విన్న కొడుకు, ఇంకో లక్ష తనూ కలుపుతానంటాడు. అసలు వీలునామాను మీ ఒక్కరి పేరున ఉన్న లాకర్లో దాచకండి. నామినీ లేకపోతే ఆ లాకరు తెరవడానికే వారసుల కాగితాలు అడుగుతారు. ఎగ్జిక్యూటరు దగ్గర అసలుది ఉంచి, ఒక నకలు విశ్వవిద్యాలయ రిజిస్ట్రారు కార్యాలయంలో ఇచ్చి, దాని మీద ముద్ర, తేదీ వేయించుకోండి.