బెర్నినా కొండరైలు: పెద్దవాళ్లను లోకల్‌లో తీసుకెళ్లే పద్ధతి

స్విట్జర్లాండ్‌లోని జూరిక్‌లో ఉన్న పిల్లల దగ్గరికి నల్లగొండ నుంచో పాలమూరు నుంచో అమ్మానాన్నలు వచ్చినప్పుడు అక్కడి కొండరైళ్లు నడిపే రేషియన్ రైల్వేలో కూర్–తిరానో దారి తప్పక చూపించండి. పెద్ద పెద్ద అద్దాల బెర్నినా ఎక్స్‌ప్రెస్ కోసమే పట్టుబట్టొద్దు. ఊరూరా ఆగే లోకల్ కూడా అవే పట్టాల మీద పోతుంది. ఎక్స్‌ప్రెస్‌కు టికెట్ కాక సీటు రిజర్వేషన్ డబ్బులు వేరే కట్టాలి, లోకల్‌కు అక్కర్లేదు. పైగా ఎక్స్‌ప్రెస్ కిటికీలు తెరుచుకోవు, ఫోటోలో కొండకన్నా మన మొహమే ఎక్కువ పడుతుంది. లోకల్‌లో పాత పెట్టె తగిలితే అద్దం కిందికి దించుకోవచ్చు. మా ఓటు లోకల్‌కే.

పట్టాల మధ్య వెడల్పు సరిగ్గా ఒక మీటరు. బ్రాడ్ గేజ్ రాకముందు సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్ మీదుగా ద్రోణాచలం దాకా ఉన్న లైను కొలతా ఇదే, నాన్నకు చెప్తే వెంటనే గుర్తుపడతారు. గేజ్ చిన్నదైతే మలుపు బిగువుగా తిప్పొచ్చు. బెర్నినాలో కొన్ని మలుపుల వ్యాసార్ధం 45 మీటర్లే. ప్రతి వెయ్యి మీటర్లకు 70 మీటర్ల దాకా ఎక్కుతుంది, అదీ జారకుండా పట్టుకునే పళ్ల పట్టా మధ్యలో లేకుండా.

జూరిక్ నుంచి కూర్‌కు గంటంబావు. అక్కడ చాలామంది పొరబడేది అరోజా ఊరికి పోయే రైలు దగ్గర. అదీ మన రైలులాగే ఎర్రదే, కానీ స్టేషన్ ముందున్న రోడ్డు మీది నుంచి బయల్దేరుతుంది. మీరు లోపలి ప్లాట్‌ఫారం మీద సెయింట్ మోరిట్జ్ బోర్డు చూసి ఎక్కండి. సుమారు 2 గంటలు. కుడివైపు కూర్చోండి.

తీఫెన్‌కాస్టెల్ దాటాక ఫోన్ చేతిలో ఉంచుకోండి. ఫిలిసూర్‌కు ముందే లాండ్‌వాసర్ వంతెన వస్తుంది. ఎత్తు 65 మీటర్లు, మన సాగర్ డ్యామ్‌లో సగానికి కాస్త పైన. రైలు వంపు తిరుగుతూ నేరుగా కొండ సొరంగంలోకి దూరిపోతుంది, కాబట్టి వెనక పెట్టెలో కూర్చుంటే ముందు పెట్టెలు లోపలికి పోవడం కనిపిస్తుంది. తర్వాత బెర్గ్యూన్ నుంచి ప్రేడా దాకా లైను చుట్టలు చుట్టుకుంటూ ఎక్కుతుంది. బెర్గ్యూన్ చర్చి గోపురం ఒకసారి ఈ కిటికీలో, ఇంకోసారి ఆ కిటికీలో కనిపిస్తుంది. వెనక్కి పోతున్నామేమోనని పెద్దవాళ్లు కంగారుపడతారు, ముందే చెప్పి ఉంచండి.

సెయింట్ మోరిట్జ్‌లో రైలు మారాలి. అక్కడిదాకా 11,000 వోల్టుల ఏసీ కరెంటు, బెర్నినా లైనుకు 1,000 వోల్టుల డీసీ. తిరానోకు ఇంకో రెండున్నర గంటలు, మళ్లీ కుడివైపే. చిన్న స్టేషన్లలో అడిగితేనే ఆపుతారు. దిగాలంటే పెట్టెలోని బటన్, ఎక్కాలంటే ప్లాట్‌ఫారం మీది బటన్ నొక్కాలి. నొక్కకపోతే రైలు మీ ముందు నుంచే వెళ్లిపోతుంది.

దారిలో అన్నిటికన్నా ఎత్తైన స్టేషన్ ఓస్పిజియో బెర్నినా, 2,253 మీటర్లు. ఎత్తు ఊటీ అంతే, చలి మాత్రం ఊటీది కాదు. మేలో కూడా మంచు ఉంటుంది. స్వెట్టర్, మంకీ టోపీ, బూట్లు సంచిలో అడుగున కాదు, పైనే పెట్టండి. సకినాలో గిన్నెప్పో వెంట ఉంటే ఆకలి బాధ ఉండదు.

జూరిక్ నుంచి తిరానోకు పోవడానికే ఆరు గంటలు పడుతుంది. ఒకే రోజు పోయి రావడం పెద్దవాళ్లకు కష్టం. ఓస్పిజియో బెర్నినా తర్వాతి స్టేషన్ ఆల్ప్ గ్రూమ్‌లో దిగి, మంచుకొండ చూసుకుని వెనక్కి రండి, లేదా తిరానోలో రాత్రి ఉండండి. ఈ లోకల్ పర్యాటకుల బండి మాత్రమే కాదు. బడికి పోయే పిల్లలు ఎక్కుతారు, ఒక్కోసారి వెనక కలప వ్యాగన్లు కూడా తగిలిస్తారు. నడిచే దారిలో సూట్‌కేసులు పెట్టొద్దు.

తిరానో దాకా పోయేవాళ్లు పొస్కియావో సరస్సు దగ్గర ఎడమ కిటికీకి మారండి, బ్రూజియో రాగానే మళ్లీ కుడికి రండి. అక్కడ రైలు గుండ్రంగా తిరిగి, తను దాటొచ్చిన వంతెన కిందినుంచే పోతుంది. తిరానో ఇటలీలో ఉంది. పాస్‌పోర్టు ఒరిజినల్ దగ్గరుంచుకోండి, టీకి యూరోలు తీసిపెట్టుకోండి.