దగ్గరి జాతుల చెట్లను వేరుచేసే ముందు జాగ్రత్తలు

ముందు మోసం చేసేది ఆకే. ఒకే ఓక్ చెట్టులో ఎండ తగిలే ఆకు చిన్నగా, మందంగా, లోతైన గాట్లతో ఉంటుంది. లోపలి నీడలో ఆకు వెడల్పుగా, పల్చగా ఉంటుంది. రెండూ పక్కపక్కన పెడితే వేరే జాతులనిపిస్తాయి.

– కొలతలకు ప్రతి చెట్టు నుంచీ ముదిరిన ఎండ ఆకులే కోయండి. చెట్టు మొదలు దగ్గర లేచిన పిలకల ఆకులు వద్దు.

– పూలు, కాయలు ఉన్న కాలం చూసుకుని వెళ్లండి.

– డీఎన్ఏ కోసం లేత ఆకు ముక్కను వెంటనే సిలికా జెల్‌లో (తేమ పీల్చే గుళికల్లో) వేయండి. అదే చెట్టు కొమ్మను కాగితాల మధ్య నొక్కి ఆరబెట్టి (ప్రెస్ చేసి), రెండింటికీ ఒకే నంబరు రాయండి. ఈ నంబరు తారుమారైతే ల్యాబ్ పనంతా వృథా.

– క్లోరోప్లాస్ట్ మార్కర్లనే (ఆకుపచ్చదనాన్నిచ్చే కణ భాగంలోని డీఎన్ఏ గుర్తులనే) నమ్ముకోవద్దు. ఓక్‌లలో అవి తల్లి వైపు నుంచే వస్తాయి. సంకరం (జాతుల మధ్య కలయిక) జరిగే చోట వేర్వేరు జాతుల్లోనూ ఒకే రకం కనిపిస్తుంది. కేంద్రక మైక్రోశాటిలైట్లు (కణ కేంద్రకంలోని డీఎన్ఏలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న ముక్కలు) కూడా తప్పక చూడండి.

– జాతికి ఒక్క చెట్టు చాలదు. వేర్వేరు చోట్ల నుంచి తీసుకోండి.