ఇంగ్లీష్ రీడింగ్ ప్రాక్టీస్‌కి కూర్చునే ముందు జాగ్రత్తలు

కేంబ్రిడ్జ్ బీ1 ప్రిలిమినరీ అనే ఇంగ్లీష్ పరీక్షకి సిద్ధమవుతున్నవాళ్ళు పేపర్ తెరిచే ముందు ఇవి చూసుకోండి.

• ఫోన్ పక్క గదిలో పెట్టేయండి, చేతి గడియారం చాలు. రీడింగ్‌లో 6 భాగాలు, 32 ప్రశ్నలు, 45 నిమిషాలు. ఇంట్లోనూ అంతే టైమ్ పెట్టుకోండి.

• ఇంట్లో టీవీ మోత ఉంటే విశాఖలో అయితే ద్వారకానగర్ పౌర గ్రంథాలయానికి వెళ్ళండి. బీచ్ రోడ్డులో కూర్చోవద్దు, గాలికి కాగితాలు నిలవవు.

• రెండో భాగం దగ్గర తొందర వద్దు. ఐదుగురి అవసరాలు, ఎనిమిది చిన్న పేరాలు ఇస్తారు; ఎవరికి ఏ పేరా సరిపోతుందో చెప్పాలి. ఒక్క మాట కలిసింది కదా అని జవాబు పెట్టేసి నేను చాలా మార్కులు పోగొట్టుకున్నాను. ఆదివారం ఈత కొట్టాలి, ఖర్చు తక్కువ కావాలి అన్నారనుకోండి. ఈతకొలను ఉంటే సరిపోదు. ఆదివారం తెరిచి ఉండాలి, టికెట్టూ చవకగా ఉండాలి. ప్రతి అవసరం కింద గీత గీసి, ఒక్కొక్కటే సరిచూడండి.

• తెలియని మాట రాగానే టెన్షన్ పడి డిక్షనరీ తీయొద్దు. ముందూ వెనకా వాక్యాలతో అర్థం ఊహించండి.

• తప్పు జవాబుకి మార్కుల కోత లేదు. ఏదీ ఖాళీగా వదలొద్దు.

• కీ చూసేముందు ప్రతి జవాబుకీ ఆధారమైన వాక్యాన్ని వేలు పెట్టి చూపించగలగాలి.