కాలేజీ ఫుట్‌బాల్ మ్యాచ్‌కి జనం రావడం లేదా? సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

విజయవాడలోనో గుంటూరులోనో ఒక మోస్తరు డిగ్రీ కాలేజీ. ఫుట్‌బాల్ జట్టు ఉంది, మైదానం ఉంది, ఆటలు చూసుకునే పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారూ ఉన్నారు. మ్యాచ్ రోజున మాత్రం గీత పక్కన అదనపు ఆటగాళ్లు, వాళ్ల బ్యాగులు, ఆ బ్యాగులకు కాపలా ఉన్న ఇద్దరు స్నేహితులు. కారణం అడిగితే అందరిదీ ఒకటే మాట: "గెలిస్తే వాళ్లే వస్తారు." అది సగమే నిజం. గెలుపు పూర్తిగా మన చేతిలో ఉండదు. వేళ, నీడ, బస్సు, మైకు ఉంటాయి.

అసలు రానివాళ్లు, వచ్చి మధ్యలో వెళ్లిపోయేవాళ్లు, కూర్చుని ఫోను చూసుకునేవాళ్లు... ఈ మూడు రకాలకూ కారణాలు వేరు. కాబట్టి ముందు ఒక మ్యాచ్‌కి ఇద్దరు విద్యార్థులకు నోటుపుస్తకం ఇచ్చి, ఆట మొదలైనప్పుడు, విరామంలో, చివరి విజిల్‌కి ఎందరున్నారో లెక్క రాయించండి. ఆ మూడు అంకెలు చూస్తే కింది వాటిలో మీది ఏదో తెలిసిపోతుంది.

సమస్య: మొదటి విజిల్‌కే ఎవరూ లేరు

కారణం చాలాసార్లు చిన్నదే: మ్యాచ్ ఉందని ఎవరికీ తెలియదు. తేదీ పీడీ గారి ఫోనులో ఉంటుంది, నోటీసు ఆఫీసు బోర్డు మీద ఫీజు గడువు కాగితం కింద ఉంటుంది. ప్రతి సెక్షన్ వాట్సాప్ గ్రూపులోకీ క్లాస్ లీడర్ ద్వారా వారం ముందు ఒకసారి, ఆ రోజు ఉదయం ఒకసారి కబురు వెళ్లాలి. ఎవరితో, ఎన్ని గంటలకు, ఏ గేటు, ఎప్పటికి ముగుస్తుంది అన్న నాలుగు సంగతులు చాలు. క్యాంటీన్ గోడకు ఒక నల్లబల్ల తగిలించి గత మ్యాచ్ ఫలితం, రాబోయే మ్యాచ్ తేదీ సుద్దతో రాయండి. టీ కోసం నిలబడ్డవాడు చదవకుండా ఉండలేడు.

"విద్యార్థులందరూ విధిగా హాజరు కావలెను" అనే సర్క్యులర్ మాత్రం వద్దు. హాజరు వేస్తామని తోలుకొచ్చిన జనం పేరు రాయించుకోగానే గోడ దూకుతారు. మిగిలినవాళ్లకు ఫుట్‌బాల్ మరో పీరియడ్‌లా కనిపిస్తుంది.

సమస్య: వస్తారు, విరామానికి ఖాళీ అవుతుంది

ఇక్కడ తప్పు ఆటది కాదు, గడియారానిది. రెండు సగాలు 45 నిమిషాల చొప్పున, మధ్యలో 15 నిమిషాల విరామం, గాయాలకు పోయిన సమయం కలిపితే పూర్తి మ్యాచ్ రెండు గంటలకు కాస్త తక్కువ. క్లాసులు నాలుగింటికి వదిలితే ఆట ముగిసేది ఆరింటికి. డిసెంబరులో ఐదున్నర దాటగానే సూర్యుడు దిగిపోతాడు, ఫ్లడ్‌లైట్లు ఉండవు. అంతకుముందే గన్నవరం, కంకిపాడు, మంగళగిరి వైపు వెళ్లే పిల్లలు బస్‌పాస్ జేబులో పెట్టుకుని లేచిపోతారు. వాళ్లను తప్పుపట్టలేం.

విశ్వవిద్యాలయ పోటీల నిడివి మనం మార్చలేం. స్నేహపూర్వక మ్యాచ్‌లకు మాత్రం రెండు జట్లూ, రిఫరీ ముందే ఒప్పుకుని సగానికి 30 నిమిషాలు పెట్టుకోవచ్చు. నాలుగుంబావుకు మొదలుపెట్టి పది నిమిషాల విరామం ఇచ్చినా ఐదున్నరకు ముందే అయిపోతుంది. కాలేజీ బస్సులుంటే మ్యాచ్ రోజున ఒక్కో దారికి ఒక బస్సును ఆలస్యంగా పంపమని ప్రిన్సిపాల్ గారిని రాతపూర్వకంగా అడగండి. నోటిమాట డ్రైవరు దాకా చేరదు.

రెండో కారణం ఎండ. ఫుట్‌బాల్ మైదానాలు సాధారణంగా ఉత్తర దక్షిణాలుగా ఉంటాయి, గోలీ కంట్లో ఎండ పడకూడదని. అలాంటి మైదానానికి తూర్పు పక్కన జనాన్ని కూర్చోబెడితే నాలుగింటి ఎండ నేరుగా ముఖాన కొడుతుంది. చేయి అడ్డం పెట్టుకుని గంటసేపు ఎవరు చూస్తారు? కుర్చీలు, షామియానా పడమటి పక్కకు మార్చండి, సూర్యుడు వీపు వెనక్కి పోతాడు. పైసా ఖర్చు లేని మార్పు ఇది, ఫలితం మాత్రం మొదటి రోజే కనిపిస్తుంది. పక్కనే రెండు మంచినీళ్ల క్యాన్లు, పునుగుల బండి ఒకటి ఉంటే విరామంలో గేటు దాటే అవసరం ఉండదు.

సమస్య: రెండువందల మంది వచ్చినా మైదానం బోసిగానే ఉంది

పెద్ద స్టేడియం మోజు దీనికి మూలం. బందరు రోడ్డులోని ఇందిరాగాంధీ స్టేడియం లాంటి చోట రెండువందల మంది ఏ మూలకూ చాలరు. కాలేజీ మైదానంలోనే, ఒకే పక్క, గీతకు మూడు నాలుగు మీటర్ల దూరంలో తాడు కట్టి అందరినీ దాని వెనక చేర్చండి. బూటు బంతికి తగిలిన చప్పుడు వినబడాలి, ఆటగాడు రొప్పుతూ "నాకు, నాకు" అని అరవడం వినబడాలి. టీవీ ఇవ్వలేనిది అదొక్కటే. దాన్ని ట్రాక్ అవతలి గ్యాలరీలో పోగొట్టుకోకండి.

సమస్య: ఉన్నారు కానీ నోరు విప్పరు

క్రికెట్ చూసి పెరిగిన కళ్లు ఇవి. బంతికో అంకె మారే ఆటకు అలవాటుపడ్డవాడికి నలభై నిమిషాల సున్నా - సున్నా విసుగు పుట్టిస్తుంది. పైగా ఆడేది ఎవరో తెలియదు.

ఒక మైకు సెట్టు, తెలుగులో చక్కగా మాట్లాడే విద్యార్థి ఒకరు. మైకు ముందు కూర్చునేవాడికి నా సలహా ఒక్కటే: అరవకు, పరిచయం చెయ్యి. "ఏడో నంబరు, రెండో సంవత్సరం బీకాం, హాస్టల్లో పద్నాలుగో గది" అంటే చాలు, ఆ వరండా అంతా ఈలలు వేస్తుంది. ఆఫ్‌సైడ్ జెండా లేచినప్పుడల్లా ఒకే వాక్యం చెప్పాలి: "పాస్ ఇచ్చిన క్షణానికి మనవాడు అవతలి సగంలో బంతిని దాటి, ఎదుటి జట్టులో చివరి నుంచి రెండోవాడిని కూడా దాటి ముందున్నాడు." త్రో, కార్నర్, గోల్‌కిక్ నుంచి నేరుగా అందుకుంటే ఆఫ్‌సైడ్ లేదన్నది ఇంకోసారి చెప్పవచ్చు. రెండు మ్యాచ్‌లు గడిచేసరికి జనమే లైన్స్‌మన్‌తో వాదనకు దిగుతారు, అదీ మనకు కావలసింది. స్పీకర్లు జనం వైపు తిప్పి ఉండాలి, ఆట నడుస్తుండగా రిఫరీకి అడ్డు రాకూడదు.

"ఇది క్రికెట్ ఊరండీ, ఫుట్‌బాల్ మనది కాదు" అనేవాళ్లకు విరామంలో ఒక జవాబు వినిపించండి. 1951, 1962 ఆసియా క్రీడల్లో భారత జట్టుకు స్వర్ణాలు తెచ్చిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ వారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచినప్పుడూ కోచ్ ఆయనే. ఆ తరం జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ వారు.

సమస్య: ప్రతిసారీ ఓడితే ఎవరు చూస్తారు?

ఇప్పుడు ఆట సంగతి. చాలా కాలేజీల్లో జట్టు అంతర్ కళాశాలల పోటీలకు రెండు వారాల ముందు పుడుతుంది, ఓడిన మర్నాడు మాయమవుతుంది. చివరి ఇరవై నిమిషాల్లోనే వరసగా గోల్స్ పడుతున్నాయంటే అది నైపుణ్యం లోపం కాదు, ఊపిరి చాలకపోవడం. దానికి జూలై నుంచే సాధన కావాలి, మరో దారి లేదు.

ప్రేక్షకుల కోణంలో అసలు మందు ఇంకొకటి: కాలేజీలోనే సెవెన్స్ లీగ్. కేరళలో మలబారు ప్రాంతమంతా ఏడుగురి ఫుట్‌బాల్‌కు తాత్కాలిక గ్యాలరీలు కట్టుకుని రాత్రిళ్లు దీపాల కింద చూస్తుంది. మైదానం చిన్నది, గోల్స్ ఎక్కువ, ఆట త్వరగా తేలిపోతుంది. బీఎస్సీ, బీకాం, బీసీఏ, ఇంటర్, ఆఫీసు సిబ్బంది అంటూ జట్లు కట్టండి. సగానికి పదిహేను నిమిషాలు పెడితే ఒక సాయంత్రం రెండు ఆటలు నడుస్తాయి. కాలితో బంతి తన్నినవాడు రేపు కాలేజీ జట్టును చూడటానికి వస్తాడు, పక్కవాడిని లాక్కొస్తాడు. పాత జట్టులో కనబడని ఒక వేగమైన కుర్రాడు ఇక్కడే దొరుకుతాడు. లీగ్ ఫైనల్‌ను కాలేజీ జట్టు మ్యాచ్‌కి ముందు అదే సాయంత్రం పెడితే జనం ఎలాగూ అక్కడే ఉంటారు.

ఎవరితో ఆడాలన్నదీ ఆలోచించాలి. విజయవాడ డిగ్రీ కాలేజీలు ఎక్కువగా కృష్ణా విశ్వవిద్యాలయం కిందికి, గుంటూరువి ఆచార్య నాగార్జున కిందికి వస్తాయి. అందువల్ల బస్సులో గంట దూరంలో ఉన్న రెండు ఊళ్ల జట్లు మామూలుగా ఎదురుపడవు. మీకు సాటివచ్చే కాలేజీని అవతలి ఊళ్లో వెతికి ఏటా రెండు మ్యాచ్‌లు పెట్టుకోండి, ఒకటి ఇక్కడ, ఒకటి అక్కడ. ఆరు గోల్స్ తేడాతో ఓడించే జట్టు కంటే ఒక గోల్‌తో ఓడించే జట్టే జనాన్ని మళ్లీ రప్పిస్తుంది. కారం మీద, నోటి దురుసు మీద రెండు ఊళ్లూ విసురుకునే చమత్కారాలకు కొదవ ఉండదు.

సమస్య: అమ్మాయిలు ఒక్కరూ రారు

కారణం అందరికీ తెలుసు, ఎవరూ అనరు: వెకిలి కూతలు, తాళం వేసిన మరుగుదొడ్డి, చీకటి. తాళం తీయించండి, ముందు వరసలు ఇవ్వండి, మహిళా అధ్యాపకులను పిలవండి, కూసినవాడిని ఆ రోజుకు బయటికి పంపండి. అమ్మాయిల మ్యాచ్ కూడా పెట్టండి, తీరిక వేళలో మొక్కుబడిగా కాకుండా అదే సాయంత్రం, అదే మైకుతో. నిజామాబాద్ జిల్లా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత జట్టుకు ఆడింది.

సమస్య: జనం వచ్చారు, గొడవలూ వచ్చాయి

సినిమా హీరోల జెండాలు, పార్టీ కండువాలు గేటు దగ్గరే ఆపేయండి. కాలేజీ రంగు తప్ప మరో రంగు లోపలికి రాకూడదు. డప్పులు ఉండవచ్చు. అవతలి జట్టు అభిమానులకు వేరే పక్క చోటు, వేరే గేటు.

మ్యాచ్ అయిన రాత్రే ఫలితం, ఒక ఫొటో, తర్వాతి తేదీ అదే గ్రూపుల్లో పడాలి. టిక్కెట్టు పెట్టే ఆలోచన ఈ ఏడాదికి మానుకోండి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు, సంక్రాంతి సెలవులు వదిలి, రెండు వారాలకో మ్యాచ్ పడితే చాలు. మార్చి నుంచి ఎండ, పరీక్షలు కలిసి వస్తాయి. ఆ నెలల్లో ఎంత ప్రచారం చేసినా ఎవరూ రారు, ఆ డబ్బు జూలై సాధనకు బంతులు కొనడానికి దాచండి.