సగం సీజన్ అయ్యాక బేస్‌బాల్ టీమ్‌ని అంచనా వేయడం: లక్షణం, కారణం, పరిష్కారం

ప్రతి జులైలో ఇదే తంతు. అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో 162 మ్యాచ్‌ల సీజన్‌లో 81 దాటి, ఆల్‌స్టార్ బ్రేక్ (సీజన్ మధ్యలో వచ్చే చిన్న విరామం) రాగానే అందరూ గెలుపు, ఓటమి కాలమ్‌లు చూసి తీర్పు చెప్పేస్తారు. అదే వరసలో కాస్త కుడివైపుకి జరిగితే పరుగుల తేడా కనిపిస్తుంది. కొట్టిన పరుగుల్లోంచి ఇచ్చిన పరుగులు తీసేస్తే వచ్చే అంకె అది. దయచేసి ముందు దాన్ని చూడండి. ఐపీఎల్ ప్లేఆఫ్స్ టైమ్‌లో నెట్ రన్ రేట్‌ని మూడో దశాంశం దాకా లెక్కగట్టే మనవాళ్లు కూడా ఇక్కడ ఆ కాలమ్‌ని వదిలేస్తుంటే నిజంగా బాధేస్తుంది.

లక్షణం: ఆట బాగానే ఉంది, గెలుపులు మాత్రం రావడం లేదు

పరుగుల తేడా ప్లస్‌లో ఉంటే టెన్షన్ పడకండి, మంచి ఆటగాళ్లని వేరే టీమ్‌లకి ఇచ్చేయమని గోల చేయకండి. 2021లో అట్లాంటా బ్రేవ్స్ బ్రేక్‌కి 44-45తో (44 గెలుపులు, 45 ఓటములు) వెళ్లింది. బ్రేక్‌కి ముందే స్టార్ ఆటగాడు అకూన్యా మోకాలి గాయంతో సీజన్‌కి దూరమయ్యాడు. అయినా పరుగుల తేడా ప్లస్‌లోనే ఉంది. మేనేజ్‌మెంట్ చేతులెత్తేయకుండా పీడర్సన్, సోలేర్, రొసారియో, డువాల్‌లను తెచ్చి ఔట్‌ఫీల్డ్‌ని (మైదానం వెనక భాగంలో ఫీల్డింగ్ చేసే ముగ్గురిని) కొత్తగా కట్టుకుంది. 88-73తో ముగించి, లీగ్ ఫైనల్ అయిన వరల్డ్ సిరీస్ గెలిచింది.

తేడా మైనస్‌లో ఉండి గెలుపులు కూడా లేకపోతే వెతకాల్సిందేమీ లేదు. టీమ్ బలహీనంగా ఉంది, అంతే.

లక్షణం: గెలుపులు బోలెడు, పరుగుల తేడా మాత్రం సున్నా దగ్గరో మైనస్‌లోనో ఉంది

ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే. పైకి అంతా బాగున్నట్టే కనిపిస్తుంది. 'మనవాళ్లకి గెలవడం తెలుసు, ఒత్తిడిలో నిలబడతారు' అన్న మాట వినిపిస్తుంది. ఆ మాట వినగానే వన్-రన్ గేమ్స్ రికార్డు తీయండి, అంటే ఒక్క పరుగు తేడాతో తేలిన మ్యాచ్‌లు.

కారణం అక్కడే ఉంటుంది. చివరిదైన తొమ్మిదో ఇన్నింగ్స్, మన టీమ్‌కి ఒక్క పరుగు ఆధిక్యం. ప్రత్యర్థి ఆఖరి బ్యాటింగ్‌లో ఇద్దరు ఔట్, రెండో, మూడో బేస్‌ల మీద రన్నర్లు. నేల మీద వచ్చిన బంతి షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్) గ్లవ్‌కి జానెడు దూరంలో ఎగిరితే ఓటమి, చేతిలో పడితే గెలుపు. టీమ్ బలం రెండు సందర్భాల్లోనూ ఒకటే. 2020 నుంచి, స్కోరు సమమైతే ఆడే ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్‌లో రెండో బేస్ మీద రన్నర్‌ని పెట్టి మొదలుపెడుతున్నారు కాబట్టి ఆ మ్యాచ్‌లు ఎటైనా తిరిగే అవకాశం ఇంకా పెరిగింది.

2023 సీజన్‌లో రెండు టీమ్‌లని పక్కపక్కన పెట్టి చూడండి. మయామీ మార్లిన్స్ 666 పరుగులు కొట్టి 723 ఇచ్చింది. శాన్ డియాగో పాడ్రెస్ 752 కొట్టి 648 ఇచ్చింది. పరుగులని బట్టి ఎన్ని గెలుపులు రావాలో చెప్పే, బేస్‌బాల్ గణాంకాల నిపుణుడు బిల్ జేమ్స్ సూత్రం చాలా తేలిక. కొట్టిన పరుగుల వర్గాన్ని, కొట్టిన, ఇచ్చిన పరుగుల వర్గాల మొత్తంతో భాగించి 162తో గుణించాలి. మార్లిన్స్‌కి సుమారు 74 గెలుపులు, పాడ్రెస్‌కి 93 వస్తాయి. నిజంగా వచ్చినవి 84, 82. మైనస్ 57 ఉన్న టీమ్ ప్లేఆఫ్స్‌కి వెళ్లింది, ప్లస్ 104 ఉన్న టీమ్ ఇంట్లో కూర్చుంది.

వన్-రన్ గేమ్స్‌లో మార్లిన్స్ 33-14, పాడ్రెస్ 9-23. వాటిని తీసేసి మిగిలినవి చూస్తే మార్లిన్స్ 51-64, పాడ్రెస్ 73-57. మార్లిన్స్ బ్రేక్‌కి 53-39తో ఉండి, ఆ తర్వాత 31-39 ఆడింది. మరుసటి ఏడాది ఏకంగా 100 మ్యాచ్‌లు ఓడింది. అందులో పిచర్ల (బంతి విసిరేవాళ్ల) గాయాల పాత్ర కూడా ఉంది, కాదనను. పాడ్రెస్ 2024లో 93 గెలిచింది.

'బుల్‌పెన్ గట్టిది కాబట్టే దగ్గరి మ్యాచ్‌లు గెలుస్తున్నారు' అనేవాళ్లుంటారు. బుల్‌పెన్ అంటే మ్యాచ్ మధ్యలో దిగే పిచర్ల బృందం. అందులో కొంత నిజం ఉంది, కానీ చాలా కొంచెం. 2023లో పాడ్రెస్ క్లోజర్ (ఆధిక్యాన్ని కాపాడటానికి చివర్లో దిగే పిచర్) జాష్ హేడర్ ఈఆర్ఏ, అంటే తొమ్మిది ఇన్నింగ్స్‌కి ఇచ్చే పరుగుల సగటు, 1.28 మాత్రమే. అయినా 9-23. బాల్టిమోర్ ఓరియోల్స్ 2012లో వన్-రన్ గేమ్స్‌లో 29-9, 2013లో 20-31. మేనేజర్ షోవాల్టర్ మారలేదు, క్లోజర్ జిమ్ జాన్సన్ కూడా మారలేదు. గెలిచే గుణమే ఉంటే ఒక్క చలికాలంలో ఎక్కడికి పోతుంది?

పరిష్కారం: మీ టీమ్ రికార్డులోంచి వన్-రన్ గేమ్స్ తీసేయండి. మిగిలినదాంట్లో గెలుపులు ఓటముల కంటే తక్కువుంటే ట్రేడ్ డెడ్‌లైన్‌లో (టీమ్‌లు ఆటగాళ్లని మార్చుకునే ఆఖరి గడువులో) రెండు నెలల అద్దె ఆటగాడి కోసం, అంటే సీజన్ చివర్లో ఒప్పందం ముగిసే ఆటగాడి కోసం, మంచి కుర్రాళ్లని ఇచ్చేయమని కోరకండి. ఇప్పటికే వచ్చిన గెలుపులు ఎక్కడికీ పోవు, కానీ మిగతా 70 మ్యాచ్‌లకి అదే జోరు ఉంటుందని లెక్క వేయకూడదు.

లక్షణం: పరుగుల తేడా బాగుంది, అయినా ఏదో తేడా కొడుతోంది

ఒకటి రెండు భారీ గెలుపులు అంకెని ఉబ్బించాయేమో చూడండి. 2007 ఆగస్టులో టెక్సస్ రేంజర్స్ ఒక్క మ్యాచ్‌లో 30-3తో గెలిచింది. ఒక్క రాత్రిలో ప్లస్ 27! ఆ ఏడాది ముగింపు మాత్రం 75-87. మరీ పెద్ద స్కోర్లని పక్కన పెట్టి మళ్లీ కూడండి. ఇప్పుడు చేతులెత్తేసిన టీమ్‌లు చివర్లో బ్యాటర్ల చేత బౌలింగ్ వేయిస్తున్నాయి కదా, అప్పుడు వచ్చే పరుగులకి విలువ లేదు.

షెడ్యూల్, హోమ్ మ్యాచ్‌ల సంఖ్య కూడా ఒకసారి చూడండి. 81 మ్యాచ్‌ల తర్వాత వాటి ప్రభావం సాధారణంగా ఒకటి రెండు గెలుపులు మించదు. డగౌట్‌లో గొడవలు, మేనేజర్ జాతకం, కొత్త జెర్సీ లాంటివి కారణాలుగా చెప్పేవాళ్లతో వాదన పెట్టుకోకండి. అసలు చూడాల్సింది గాయాల జాబితా. ముఖ్యమైన స్టార్టర్ (మ్యాచ్ మొదలుపెట్టే పిచర్) 60 రోజుల జాబితాలో, అంటే కనీసం 60 రోజులు ఆడలేని గాయాల జాబితాలో ఉంటే, అతను బరిలో ఉన్నప్పటి పరుగుల తేడాని, లేనప్పటి తేడాని విడివిడిగా వేసుకోండి. డెడ్‌లైన్ దాకా పనికొచ్చేది ఆ రెండో అంకె.