120 నెగటివ్ స్కానింగ్, మూడో పాఠం: ఎత్తు, చదును

కిందటి పాఠంలో 120 (మీడియం ఫార్మాట్ రోల్ ఫిల్మ్) నెగటివ్ మీది దుమ్ము వదిలించాం. ఈసారి ఫోకస్ సంగతి చూద్దాం.

ఇంట్లో చేసిన స్కాన్ మసకగా వస్తే చాలామంది ముందు చేసే పని డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలన్న లెక్క) పెంచడం. 3200 ఉన్నచోట 6400 పెడతారు. ఫైలు నాలుగింతలవుతుంది, బొమ్మ మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. 120 ఫిల్మ్ మీది చదరపు ఫ్రేమును 6×6 (సెం.మీ.) అని పిలుస్తాం గానీ అది నిజానికి 56 మి.మీ. చదరం. 6400 డీపీఐకి ఒక్కో వైపు 14,000 పిక్సెళ్ళు పైనే వస్తాయి. 16 బిట్ల రంగు టిఫ్‌గా దాస్తే ఒక్క ఫ్రేమే 1 జీబీ దాటుతుంది. ఇళ్ళలో వాడే ఎప్సన్ వి600 స్కానర్ అట్టపెట్టె మీద 6400 అనే రాసి ఉంటుంది, కానీ టెస్ట్ చార్టు పెట్టి కొలిస్తే దక్కేది సుమారు 1600. వి700, వి850 రకాలైతే 2300 దాకా వెళ్తాయి. ఈ అంకెలు కూడా ఫిల్మ్ సరైన ఎత్తులో, చదునుగా ఉన్నప్పటివి. అర మిల్లీమీటరు తేడా వచ్చినా వీటిలోనూ కోత పడుతుంది.

కాబట్టి వి600 ఉన్నవాళ్ళు 3200కు స్కాన్ చేసి, తరవాత సగానికి కుదించుకుంటే చాలు. వైపుకు 3,500 పిక్సెళ్ళు మిగులుతాయి. 300 డీపీఐ ప్రింటుకు దాదాపు 12 అంగుళాలు. అంతకన్నా పెద్ద ప్రింటు కావాలంటే ల్యాబ్ దారి ఉంది, చివర చెబుతాను.

స్కానర్ చూపు ఎక్కడ ఆగుతుంది

ఈ ఫ్లాట్‌బెడ్‌లలో (గాజు పలక మీద పెట్టి స్కాన్ చేసే రకాల్లో) ఆటోఫోకస్ లేదు. లెన్సు, సెన్సరు గాజు కింద ఉంటాయి, ఫిల్మ్‌కు వెలుగునిచ్చే దీపం మూతలో ఉంటుంది. లెన్సు ఫోకస్‌ను ఫ్యాక్టరీలోనే గాజుకు కాస్త పైన, హోల్డర్‌లో (ఫిల్మ్‌ను పట్టి ఉంచే చట్రంలో) ఫిల్మ్ ఉండాల్సిన ఎత్తుకు కట్టేస్తారు. లెక్క ప్రకారం అది 3 మి.మీ. దగ్గర ఉండాలి. తయారీలో చిన్న తేడాలు తప్పవు గనక మీ స్కానర్‌ది 2.4 కావచ్చు, 3.6 కావచ్చు. అడిగితే చెప్పేవాళ్ళు ఉండరు, కొలుచుకోవాల్సిందే.

వి700, వి750, వి800, వి850లలో ఇంకో మెలిక ఉంది. వాటిలో లెన్సులు రెండు. ఎప్సన్ స్కాన్ సాఫ్ట్‌వేర్‌లో ఫిల్మ్ హోల్డర్ అని ఎంచుకుంటే గాజుకు పైన ఫోకస్ అయ్యే లెన్సు పనిచేస్తుంది. ఫిల్మ్ ఏరియా గైడ్ అని ఎంచుకుంటే గాజు ఉపరితలం మీద ఫోకస్ అయ్యే రెండో లెన్సు. హోల్డర్ పెట్టి రెండోది ఎంచుకున్నారంటే ఎత్తు ఎంత సవరించినా లాభం లేదు. ముందు ఇది చూసుకుని తరవాత కొలతకు దిగండి.

స్కేలుతో కొలత

కావలసినవి రెండే: 15 సెం.మీ. పారదర్శక ప్లాస్టిక్ స్కేలు, 50 జిరాక్స్ కాగితాలు. 80 జీఎస్ఎం కాగితం మందం సుమారు 0.1 మి.మీ., కాబట్టి 50 కాగితాల దొంతర 5 మి.మీ. అవుతుంది. కాగితాలను చిన్న ముక్కలుగా కత్తిరించి దొంతర పేర్చండి.

స్కేలును మూతలోని దీపం పట్టీ కింద, దాని పొడవు వెంట పెట్టండి. గీతలు అచ్చయిన వైపు కిందికి ఉండాలి, లేకపోతే స్కేలు మందం కూడా కొలతలో కలిసిపోతుంది. సున్నా ఉన్న కొస గాజును తాకాలి. 15 ఉన్న కొస కింద దొంతర పెట్టండి. ఇప్పుడు స్కేలు వాలుగా ఉంది: ప్రతి 3 సెం.మీ.కు 1 మి.మీ. ఎత్తు పెరుగుతోంది. పాజిటివ్ ఫిల్మ్ మోడ్‌లో, గ్రేస్కేల్‌లో, 3200 డీపీఐకి స్కాన్ చేయండి. సాఫ్ట్‌వేర్‌లో పదును పెంచే అన్‌షార్ప్ మాస్క్‌ను తప్పకుండా ఆపేయాలి. అది నడుస్తుంటే మసక గీతలకు కూడా దొంగ పదును వచ్చి, అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

స్కాన్‌ను స్క్రీన్ మీద 100 శాతానికి పెంచి ఒక కొస నుంచి మరో కొసకు జరుపుతూ చూడండి. గీతలు మసకగా మొదలై, ఒకచోట పదునుదేరి, మళ్ళీ మసకబారతాయి. పదునైన చోటుకు అటూ ఇటూ సమానంగా మసకబారిన గీతలు రెండు పట్టుకుని వాటి మధ్య బిందువు తీసుకోండి. పదునైన గీతనే వెతుక్కోవడం కన్నా ఇది నమ్మకమైన పద్ధతి. ఆ బిందువు 9.6 సెం.మీ. దగ్గర ఉందనుకోండి, 3తో భాగిస్తే 3.2. మీ ఫిల్మ్ గాజుకు 3.2 మి.మీ. పైన ఉండాలి. మూడుసార్లు కొలిచి సగటు తీయండి.

స్కాన్ నిండా పొడవాటి చారలు వచ్చాయా? అది ఫోకస్ దోషం కాదు. గాజు ఒక కొసన స్కానర్ తనను తాను సరిచూసుకునే చోటు ఒకటి ఉంటుంది. స్కేలో, హోల్డరో దాన్ని కప్పేస్తే ఇలా అవుతుంది. కంపెనీ హోల్డర్‌లో అక్కడ ఖాళీ వదిలింది అందుకే.

ఫిల్మ్‌ను ఆ ఎత్తులో నిలపడం

వి850 హోల్డర్‌లో ఎత్తు మార్చే అమరిక ఉంది. వి600 దాంట్లో లేదు. దాని కింద మూడేసి కాగితాల చొప్పున ఎత్తు పెంచుతూ ఒకే ఫ్రేమును స్కాన్ చేసి పోల్చండి. పెంచేకొద్దీ పాడవుతోందంటే హోల్డర్ ముందే ఎక్కువ ఎత్తులో ఉందన్నమాట. అప్పుడు దాన్ని పక్కన పెట్టి సొంతంగా గాజు అమర్చుకోవాలి.

అసలు 120కి హోల్డర్ చాలదన్నది నా అభిప్రాయం. ఫిల్మ్ వెడల్పు 61 మి.మీ. పైచిలుకు. వి600 లాంటి వాటి హోల్డర్ అంచులను మాత్రమే పట్టుకుంటుంది, నడుమ పట్టు ఉండదు. ఎమల్షన్‌లోని (బొమ్మ ఉండే పూతలోని) జెలటిన్ ఆరేటప్పుడు కుదించుకుపోతుంది, దాని వెనక మెరిసే ప్లాస్టిక్ బేస్ అంతగా కుదించుకోదు. అందుకే ఫిల్మ్ ఎమల్షన్ వైపుకు వంగుతుంది. అంచుల ఎత్తు సరిచేస్తే నడుమ తప్పుతుంది, నడుమ సరిచేస్తే అంచులు తప్పుతాయి.

దీనికి మందు యాంటీ న్యూటన్ గాజు, అంటే ఒక వైపు సన్నగా గరుకు చేసిన గాజు. ఆ గరుకు వైపు కిందికి పెట్టి, దానికి ఫిల్మ్ మెరిసే వైపును ఆనించి, అంచుల్లో టేపు వేయండి. ఎమల్షన్ కింద సెన్సర్ వైపు ఉంటుంది. బొమ్మ కుడి ఎడమలు తారుమారవుతుంది గనక సాఫ్ట్‌వేర్‌లో తిప్పుకోవాలి. గాజు ఫిల్మ్‌కు పైన ఉంటుంది, లెన్సు చూసేది కింది నుంచి. కాబట్టి గాజు మందంతో ఫోకస్ మారదు. గాజు నాలుగు మూలల కింద, టేపు వేయని చోట్ల, మీరు కొలిచిన ఎత్తుకు కాగితపు దొంతరలు పెడితే పని అయిపోయినట్టే.

మామూలు గాజు వాడితే మెరిసే బేస్‌కూ గాజుకూ మధ్య సన్నటి గాలి పొర చిక్కుకుని, ఇంద్రధనుస్సు వలయాలు పడతాయి. వీటినే న్యూటన్ వలయాలంటారు. అవి ఆకాశంలాంటి నున్నని చోట్లలోనే కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, తరవాత తుడిచేయడం మహా కష్టం. మామూలు గాజే గతి అయితే మెరుపు తక్కువగా ఉండే ఎమల్షన్ వైపును గాజుకు ఆనించండి.

బాగా చుట్టుకుపోయిన ఫిల్మ్‌ను ముందు స్లీవ్‌లో పెట్టి, బరువైన పుస్తకాల కింద నాలుగైదు రోజులు ఉంచండి. ఇస్త్రీపెట్టె జోలికి వెళ్ళకండి.

ల్యాబ్‌కు ఇస్తే

చదును సమస్యను ల్యాబ్ యంత్రాలు వేరే దారిలో తేల్చుకున్నాయి. డ్రమ్ స్కానర్‌లో ఫిల్మ్‌ను ద్రవంతో సిలిండర్‌కు అంటిస్తారు. హాసెల్‌బ్లాడ్ ఫ్లెక్స్‌టైట్‌లో ఫిల్మ్‌ను కావాలనే విల్లులా వంచుతారు. కాగితాన్ని గొట్టంలా వంచితే నిలువునా బిగుసుకుంటుంది కదా, అదే సూత్రం. మధ్యలో గాజే ఉండదు. ఫ్లెక్స్‌టైట్ ఎక్స్5 120 ఫిల్మ్‌ను 3200 డీపీఐకి తీస్తుంది: వైపుకు 7,055 పిక్సెళ్ళు. మీ వి600 కూడా 3200కు సరిగ్గా అన్నే పిక్సెళ్ళు ఇస్తుంది. రెండు ఫైళ్ళూ పక్కపక్కన పెడితే గ్రెయిన్ (ఫిల్మ్‌లోని సన్నటి రేణువులు) కనిపించేది ఫ్లెక్స్‌టైట్ దాంట్లోనే.

అందుకే ల్యాబ్‌ను "హై రెజల్యూషన్" అని అడగకండి. యంత్రం పేరేమిటి, పొడవు వైపు ఎన్ని పిక్సెళ్ళు, 8 బిట్ల జేపెగ్ ఇస్తారా 16 బిట్ల టిఫ్ ఇస్తారా, షార్పెనింగ్ ఆపగలరా అని నాలుగు ప్రశ్నలు వేయండి. మొత్తం రోల్ ఇచ్చే ముందు ఒక్క ఫ్రేము చేయించి చూడండి.

అభ్యాసం

స్కేలు కొలత మూడుసార్లు చేసి, సగటును స్కానర్ మూతకు చీటీ అంటించి రాసుకోండి. తరవాత ఒకే ఫ్రేమును హోల్డర్‌లో ఒకసారి, గాజు కింద ఒకసారి 3200కు స్కాన్ చేసి, నడుమ నుంచి ఒక ముక్క, నాలుగు మూలల నుంచి నాలుగు ముక్కలు కత్తిరించి పోల్చండి. ఆ రెండు ఫైళ్ళూ ఉంచుకోండి, నాలుగో పాఠంలో రంగు నెగటివ్ అంతటా పరుచుకుని ఉండే నారింజ ఛాయను (నారింజ ముసుగు) తీయడానికి రెండోది కావాలి.