ఒకే ఛార్జ్ ఉన్న రెండు మ్యూఆన్లు: ఎల్‌హెచ్‌సీ డేటాలో కొత్త కణాల కోసం వెతకడం ఎలా

ఛార్జ్ లేని, దేనికీ అంత తేలిగ్గా చిక్కని కణం న్యూట్రినోకి ద్రవ్యరాశి ఉందని 1998లో జపాన్‌లోని సూపర్ కామియోకాండే డిటెక్టర్ చూపించింది, 2015లో దానికి నోబెల్ కూడా వచ్చింది. ఆ ద్రవ్యరాశి ఎక్కణ్ణించి వచ్చిందో మాత్రం ఇంకా తేలలేదు. మీరూ ఓ చెయ్యి వెయ్యొచ్చు, ఎందుకంటే సెర్న్ ప్రయోగశాలలో ప్రోటాన్లని ఢీకొట్టే యంత్రం ఎల్‌హెచ్‌సీలోని సీఎంఎస్ డిటెక్టర్ డేటాలో కొంత భాగం సెర్న్ ఓపెన్ డేటా పోర్టల్‌లో ఉచితంగా దొరుకుతుంది. ల్యాప్‌టాప్, పైథాన్, బోలెడు ఓపిక ఉండాలి.

ముందు దేని కోసం వెతుకుతున్నామో చూద్దాం. న్యూట్రినో తనకి తానే ప్రతికణం (యాంటీపార్టికల్) అయితే దానికి బరువైన జోడీ ఒకటి ఉండొచ్చు. ఏతాంలో ఒక కొస దిగితే రెండోది లేచినట్టు, ఆ జోడీ ఎంత బరువైతే మన న్యూట్రినో అంత తేలిక. ప్రోటాన్లు ఢీకొన్నప్పుడు ఈ జోడీ ఒక మ్యూఆన్‌తో (ఎలక్ట్రాన్ లాంటిదే, కానీ బరువైన కణం) కలిసి పుట్టి, తర్వాత ఇంకో మ్యూఆన్‌గా, రెండు జెట్లుగా (ఒకే దిక్కున దూసుకుపోయే కణాల గుంపులుగా) విడిపోతుంది. అసలు కిటుకు ఏంటంటే ఆ రెండు మ్యూఆన్లకీ ఒకే ఛార్జ్ రావచ్చు, మామూలు కణాల నుంచి అలాంటి జంట రావడం చాలా అరుదు. 1983లో కియుంగ్, సెన్యానోవిచ్ చెప్పిన ఉపాయం ఇది.

2016 డేటాలో నానోఏఓడీ ఫార్మాట్ ఫైళ్ళు దించుకోండి, అప్‌రూట్ అనే పైథాన్ లైబ్రరీతో నేరుగా తెరుచుకుంటాయి. నాణ్యత సరిగ్గా ఉందని తేల్చిన రన్‌ల (డేటా తీసిన విడతల) జాబితా అక్కడే ఉంటుంది, దాంతో వడకట్టకుండా ఒక్క గ్రాఫ్ కూడా గీయొద్దు. మొదటి పని కొత్త కణం కాదు, ముందే తెలిసిన జెడ్ అనే కణం. వ్యతిరేక ఛార్జ్ ఉన్న మ్యూఆన్ జంటల ద్రవ్యరాశి గీస్తే 91 జీఈవీ (కణాల ద్రవ్యరాశికి వాడే కొలత) దగ్గర కొండలా లేవాలి. లేవలేదంటే తప్పు మీ కోడ్‌లోనే ఉంది.

ఇప్పుడు ఒకే ఛార్జ్ ఉన్న జంటల్ని ఏరండి. ఎలక్ట్రాన్లతో మాత్రం మొదలుపెట్టకండి, అవి ట్రాకర్‌లో (కణాల దారి గుర్తించే భాగంలో) కాంతి వెదజల్లుతూ వెళ్తాయి కాబట్టి అప్పుడప్పుడు ఛార్జ్ తారుమారుగా నమోదవుతుంది, ఒకే ఛార్జ్ గ్రాఫ్‌లో కూడా 91 దగ్గర చిన్న గుట్ట కనిపించి మీరు ఎగిరి గంతేస్తారు. మ్యూఆన్లతో ఈ గొడవ దాదాపు ఉండదు.

అసలు టెన్షన్ దొంగ మ్యూఆన్లతో. బి-క్వార్క్ అనే బరువైన కణం నుంచి వచ్చిన జెట్ లోపల పుట్టిన మ్యూఆన్ ఒక్కోసారి ఒంటరిగా ఉన్నట్టు నటిస్తుంది. సిమ్యులేషన్‌ని నమ్మకుండా డేటాలోనే కొలవండి: జెట్లు ఎక్కువగా ఉండే వేరే నమూనాలో, ఒంటరితనం మీద పెట్టిన వదులు షరతు దాటిన మ్యూఆన్లలో ఎన్ని గట్టి షరతు కూడా దాటుతున్నాయో లెక్కేసి, ఆ నిష్పత్తిని మీ జంటలకి వర్తింపజేయండి. మొత్తం శ్రమలో ఎక్కువ భాగం ఇక్కడే పోతుంది, పోనివ్వండి. ఇది తేలేదాకా సిగ్నల్ ఉండాల్సిన చోటు తెరిచి చూడొద్దు. చూశాక కోతలు (ఏ జంటని ఉంచాలో తేల్చే షరతులు) మార్చాలని చెయ్యి దురద పెడుతుంది. 2015 డిసెంబర్‌లో 750 జీఈవీ దగ్గర కనిపించిన గుట్ట ఎంత హడావిడి చేసిందో, 2016 ఆగస్టుకి ఎక్కువ డేటా రాగానే ఎలా మాయమైందో గుర్తుందిగా?

సూపర్‌సిమెట్రీ (తెలిసిన ప్రతి కణానికీ ఓ తోడు కణం ఉంటుందన్న సిద్ధాంతం) వేట కూడా ఇదే సరుకులోంచి చెయ్యొచ్చు, ప్రోటాన్ల దారికి అడ్డంగా లెక్కకి రాకుండా పోయిన శక్తి ఎంతో చూసి రెండుగా విడగొట్టండి. బరువు న్యూట్రినో అయితే అంతా జెట్లలో, మ్యూఆన్లలో కనిపించాలి, కాబట్టి లోటు తక్కువ. మామూలు సూపర్‌సిమెట్రీ అయితే చివరి కణం డిటెక్టర్‌కి చిక్కకుండా జారుకుంటుంది, లోటు పెద్దది. ఆర్-ప్యారిటీ (ఆ చివరి కణం మామూలు కణాలుగా విడిపోకుండా ఆపే నియమం) భంగమైన రకంలో మాత్రం రెండు కథలూ కలుస్తాయి: న్యూట్రలినో అనే ఛార్జ్ లేని తోడు కణం న్యూట్రినోతో కలగలిసి దానికి ద్రవ్యరాశి ఇస్తుంది, తనూ విడిపోతుంది, ఒక్కోసారి ఢీకొన్న చోటికి కాస్త దూరం వెళ్ళాకే. మ్యూఆన్ సరిగ్గా ఢీకొన్న బిందువు నుంచే రావాలన్న కోత గట్టిగా పెట్టుకుంటే వీటిని మీ చేత్తో మీరే పారేసినట్టు. ఆ కోత వదులు చేసి, దొంగ మ్యూఆన్ల లెక్క మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి.